మహారాజశ్రీ నుంచి ‘గారు’ వరకు

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా మన సంఘ భవనంలో జరిగిన సభలో ఒక సభ్యులు చేసిన ప్రసంగ పాఠం. పలువురి కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము. – సం.)

అధ్యక్షులవారికి, వేదిక నలంకరించిన పెద్దలకు, నాతోపాటు ఫైళ్ళు మోసి నాతోపాటే దించుకున్న మిత్రులకు, కుటుంబ పింఛనుదారులైన సోదరీమణులకు, తాతగారినో అమ్మమ్మనో ఇంటికి తీసుకెళ్దామని వచ్చి ఇక్కడ ఇరుక్కుపోయిన పిల్లలకు నమస్కారం.

చూశారా, ఒక్క నమస్కారం చెప్పడానికి ఎంతసేపు పట్టిందో! మా మనవడైతే "హాయ్" అని చెయ్యి ఊపి కూర్చునేవాడు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం కూడా ఇదే. పాతకాలపు మర్యాద పలకరింపులు నిత్యజీవితంలో ఇంకా మిగిలి ఉన్నాయా అని. వారు ఫోనులో అడిగినప్పుడు "ఇంకెక్కడున్నాయండీ, ఎప్పుడో పోయాయి" అని చటుక్కున అనేశాను. ఫోను పెట్టేశాక మా ఆవిడ నవ్వింది. "ఫోను తియ్యగానే నమస్కారమండీ అన్నారు, పెట్టేముందు ఉంటానండీ అన్నారు, మధ్యలో వాళ్ళావిడ మోకాళ్ళ నొప్పులు అడిగారు. పోయినవేమిటి?" అంది. అప్పటినుంచి రెండు వారాలు చెవులు రిక్కించి తిరిగాను. విన్నవి కొన్ని, గుర్తొచ్చినవి కొన్ని మీ ముందు పెడతాను.

ముందు ఉత్తరాల సంగతి. మా ఇంట్లో నాన్న చెబుతూంటే నేను రాసేవాణ్ణి. పైన మధ్యలో ‘శ్రీ’. ఒక పక్క ‘క్షేమం’, రెండో పక్క ఊరు, తేదీ. ఆ తర్వాత సంబోధన. అందులోనే ఉండేది విద్య అంతా. వేదం చదువుకున్నాయనకు ‘బ్రహ్మశ్రీ వేదమూర్తులైన’. లౌకికుల్లో పెద్దవారికి ‘మహారాజరాజశ్రీ’. దాన్ని ‘మ.రా.రా.శ్రీ’ అని కుదించేవాళ్ళం. రెండెకరాల మెట్ట ఉన్న మహారాజులకు కూడా అదే. చిన్నవాళ్ళకు ‘చిరంజీవి’. పెళ్ళయిన ఆడపిల్లకు ‘లక్ష్మీ సౌభాగ్యవతి’. పెద్దలకైతే ‘నమస్కారములు చేసి వ్రాయు విన్నపములు’, పిల్లలకైతే ‘ఆశీర్వదించి వ్రాయునది’. ఆ పైన ‘ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను, ఉభయకుశలోపరి’. అంటే రెండు వైపులా కుశలం చెప్పుకోవడం అయిన మీదట అని. అప్పుడుగాని ‘ఒక యాభై రూపాయలు సర్దగలరా’ అన్న అసలు మాట రాదు. పోస్టుకార్డు మన దేశంలో 1879 జులై 1న కాలణా ధరకు మొదలయింది. దాని మీద ఉన్న జాగాలో సగం ఈ పలకరింపులే తినేసేవి. అయినా ఎవరూ మానలేదు. చివరికి చోటు చాలక అంచుల వెంట నిలువుగా, అడ్డంగా రాసేవాళ్ళు. కార్డు గుండ్రంగా తిప్పుకుంటూ చదవాలి.

శుభవార్త అయితే నాలుగు మూలలా పసుపు. మా వైపు అశుభం రాసిన కార్డులో ‘శ్రీ’ ఉండదు, ‘క్షేమం’ ఉండదు. పోస్టుమాన్ చేతిలో ఉండగానే, పైన ఆ రెండు మాటలూ లేవని చూసి మా అమ్మ గోడ పట్టుకునేది. చదవగానే ఆ కార్డు చించేసేవారు, ఇంట్లో ఉంచేవారు కాదు. అంటే పలకరింపు ఉండటం ఎంత చెప్పేదో, లేకపోవడమూ అంతే చెప్పేది.

ఇదంతా చెబుతూంటే ఆ రోజులు ఎంత బాగుండేవో అనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది. కానీ నేను ఒక ఉత్తరం గురించి చెప్పాలి.

మా మేనత్త భర్త 1962లో పోయారు. ఆవిడకప్పటికి నలభై నిండలేదు. కర్మకాండ అయి మేం తిరిగొచ్చిన నెలకు నాన్న ఆవిడకు ఉత్తరం రాయడానికి కూర్చున్నారు. ఎప్పుడూ నాచేత రాయించే మనిషి, ఆ రోజు కలం తనే తీసుకున్నారు. అంతకుముందు నెల వరకూ ‘లక్ష్మీ సౌభాగ్యవతి’ అని ఉండే చోట ‘గంగాభాగీరథీ సమానురాలైన’ అని రాశారు. భర్త పోయిన స్త్రీకి అలా రాయాలని పద్ధతి. చూడటానికి పెద్ద గౌరవం. గంగతో సమానమట! నాకప్పుడు పదమూడేళ్ళు. కార్డు తీసుకెళ్ళి డబ్బాలో వేసింది నేనే.

మూడు నెలలు జవాబు లేదు. నాన్న ఇంకో రెండు కార్డులు రాశారు, అదే సంబోధనతో. వాటికీ లేదు. వేసవిలో అమ్మ వెళ్ళి ఆవిడ దగ్గర పదిరోజులుండి వచ్చింది. వచ్చాక నాన్నతో అన్న మాట నేను పక్కగదిలోంచి విన్నాను. "ఆ ఊళ్ళో పోస్టుమాన్ కార్డులన్నీ పైకి చదివి ఇస్తాడట. వీధిలో నలుగురి ముందు ఆ మాట చదివి, ‘మీ అన్నగారి ఉత్తరమమ్మా’ అని ఇచ్చాడట. నెలకోసారి ఆ మాట వినడానికి నాకు అన్నయ్య ఉత్తరం ఎందుకొదినా, నాకు తెలియని సంగతా అది, అంది" అని. నాన్న ఏమీ అనలేదు. ఆయన పద్ధతుల మనిషి, ఒక్క సున్నా పోయినా ఉత్తరం తిరగ రాయించేవారు. రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు కార్డు తీసుకుని ‘చిరంజీవి చెల్లాయికి అన్నయ్య ఆశీర్వదించి వ్రాయునది’ అని మొదలుపెట్టారు. చిన్నవాళ్ళను చిరంజీవి అనడానికి భర్త ఉన్నాడా లేడా అని అడగక్కర్లేదు కదా! ఆ మాట కూడా పద్ధతిలో ఉన్నదే, ఎవరూ తప్పు పట్టలేరు. వారం తిరక్కుండా జవాబొచ్చింది. ఆవిడ పోయేదాకా, ఇరవై రెండేళ్ళు, ఆ సంబోధన మారలేదు.

మగవాడికి భార్య పోతే ‘మహారాజరాజశ్రీ’లో ఒక్క అక్షరం కూడా తగ్గదు. ఈ సంగతి నాకు పెద్దయ్యాక తట్టింది.

రెండో సంగతి ఆఫీసుది. 1970లో ఒక జిల్లా కేంద్రంలో, ఒక కార్యాలయంలో ఇన్‌వర్డు గుమాస్తాగా చేరాను. పేరు చెప్పను, మీలో కొందరికి తెలుసు. వచ్చిన ప్రతి కాగితం మీద ముద్ర కొట్టి, నంబరు వేసి, ఏ సెక్షనుకో రాయడం నా పని. ఆవరణలో చింతచెట్టు కింద అర్జీలు రాసేవాళ్ళు ముగ్గురుండేవారు. ‘మహారాజశ్రీ ఫలానా వారి దివ్యసముఖమునకు, ఫలానా గ్రామ కాపురస్తుడు సవినయముగా విన్నవించుకొను అర్జీ’ అని మొదలై, ‘తమ దయకు పాత్రుడను’ అని ముగిసేది. ఇంగ్లీషులో అయితే ఇంకా ఘోరం. ‘యువర్ మోస్ట్ ఒబీడియంట్ సర్వెంట్’ అని సంతకం పెట్టించే అలవాటు తెల్లవాడు వెళ్ళిపోయిన చాలా ఏళ్ళకూ వదల్లేదు. ఎవరి మాటా వినని ఆఫీసర్లు కూడా పై ఆఫీసరుకు అత్యంత విధేయులమని రాసుకునేవారు. ఒక డి.ఓ. లెటరులో మాత్రం పైన పేరు, కింద సంతకం సొంత చేత్తో రాయడం అనే ఆచారం ఉండేది. అది నాకు నచ్చేది. ఆ ఒక్క చోటే మనిషి కనబడేవాడు.

ఒకరోజు ఒక ముసలాయన నోటుబుక్కులోంచి చింపిన కాగితం తెచ్చాడు. పెన్సిలుతో ఎవరో బడిపిల్లాడు రాసిపెట్టినట్టుంది. ‘బాబూ, నాకు కన్ను ఆనదు. కొడుకు లేడు. పింఛను ఇప్పించండి’ అని మూడే మాటలు, కింద వేలిముద్ర, ఊరి పేరు. నేను ముద్ర కొట్టబోతూంటే మా సూపరింటెండెంటు చూసి, "ఇదేం అర్జీ? సంబోధన ఏదీ? తిప్పి పంపు" అన్నారు. నేను ‘పద్ధతి ప్రకారం లేదు’ అని ఎర్రసిరాతో రాసి చేతిలో పెట్టాను. "చెట్టు కింద రాయించుకు రావయ్యా" అన్నాను. ఆయన మా నాన్న కంటే పెద్దవాడు. నాకప్పుడు ఇరవై ఒకటి.

పదిరోజుల తర్వాత మళ్ళీ వచ్చాడు. తెల్లకాగితం, దివ్యసముఖం, సవినయం, దయకు పాత్రుడు, అన్నీ ఉన్నాయి. మధ్యలో ఆ మూడు మాటలే ఉన్నాయి. రాసినందుకు రెండు రూపాయలు ఇచ్చానన్నాడు. "ఇప్పుడు బాగుంది" అని నేను ముద్ర కొట్టాను. కొడుతున్నంతసేపూ ఆయన రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. నేను తల ఎత్తి ఆయనకు నమస్కారం పెట్టలేదు. పెట్టాలన్న ఊహ కూడా రాలేదు, ఎందుకంటే ఆ రోజుల్లో నమస్కారం కింద నుంచి పైకే వెళ్ళేది. కాగితం సెక్షనుకు పోయింది. పింఛను వచ్చిందో లేదో నేను కనుక్కోలేదు. రిటైరయిన తర్వాత ఏటా నవంబరులో నేను బతికే ఉన్నానని సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్ళి వరసలో నిలబడినప్పుడల్లా ఆయన గుర్తొచ్చేవాడు. ఇప్పుడు ఆ పని ఫోనుకు ముఖం చూపించినా అయిపోతోంది. ఫోనుకు దణ్ణం పెట్టక్కర్లేదు, అదొక సుఖం.

మనం ఈ దినోత్సవం ఎందుకు చేసుకుంటున్నామో పిల్లలకు తెలియకపోవచ్చు. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చింది. పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చే బహుమానం కాదు, పనిచేసినవాడి హక్కు అని తేల్చింది. నాకు మటుకు ఆ తీర్పు ఉత్తరాల సంబోధనకు కూడా వర్తిస్తుంది. హక్కును అడిగేటప్పుడు ‘అయ్యా’ అని మొదలుపెట్టి ‘భవదీయుడు’ అని ముగిస్తే చాలు. మర్యాదకు మర్యాద ఉంది, మోకాళ్ళు వంచక్కర్లేదు. మనవాళ్ళు కొందరు ఇప్పటికీ ట్రెజరీకి ‘తమ దయవలన నా బకాయిలు’ అని రాస్తున్నారు. కార్యదర్శిగారు దిద్దలేక చస్తున్నారు.

పైవాళ్ళే తగ్గించుకున్నారు కదా! 2006లో బార్ కౌన్సిల్, ‘మై లార్డ్’ అక్కర్లేదని నియమం చేసింది. 2012లో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ తనకు ‘హిజ్ ఎక్సలెన్సీ’ అన్న బిరుదు దేశంలోపలి వ్యవహారాల్లో వద్దన్నారు. రాష్ట్రపతికే అక్కర్లేనిది మన డివిజనల్ ఆఫీసరుకు ఎందుకు?

పలకరింపులో ఎక్కువ తక్కువలు చూడటం మనతో మొదలవలేదు లెండి. పాణిని అష్టాధ్యాయిలో, నమస్కరించినవాడికి పెద్దలు తిరిగి ఆశీస్సు పలికేటప్పుడు చివరి అచ్చును సాగదీసి పలకాలని ఒక సూత్రం ఉంది. శూద్రుడికైతే ఆ సాగదీయడం లేదని ఆ సూత్రంలోనే మినహాయింపు. అంటే ఒక అచ్చు పొడవులో కూడా మనిషి స్థాయి కొలిచారు! గోత్రం, ప్రవర చెప్పి చెవులు పట్టుకుని ‘అభివాదయే’ అనడం ఇప్పుడు ఒడుగుల్లోనూ, పెళ్ళిళ్ళలోనూ పురోహితుడు పక్కన ఉండి అందిస్తేనే జరుగుతోంది.

ఇక నోటి పలకరింపులు. నేను గోదావరి జిల్లా మనిషిని. 1978లో కరీంనగర్ బదిలీ అయింది. చేరిన రోజున మా అటెండరు, యాభై దాటిన మనిషి, నవ్వుతూ వచ్చి "ఏం సారూ, మంచిగున్నవా?" అన్నాడు. ‘ఉన్నవా’ అన్న ఏకవచనం నా చెవిలో ముల్లులా గుచ్చుకుంది. రెండు రోజులు ముభావంగా ఉన్నాను. పక్క సీటాయన కనిపెట్టి, "సార్, ఇక్కడ అమ్మను కూడ నువ్వనే అంటం. ‘సారూ’ల ఉన్న సాగు చూడలేదా మీరు?" అన్నారు. తర్వాత తర్వాత నాకు జ్వరం వస్తే పొద్దునా సాయంత్రం వచ్చి "ఎట్లున్నది సారూ పానం" అని అడిగింది ఆ అటెండరే. క్రియాపదం ఏ వచనంలో ఉందో చూసుకుని మర్యాద లెక్కగట్టే జబ్బు నాకు అక్కడ కుదిరింది. ‘మీరు’ అంటూనే మనిషిని చంపేసేవాళ్ళను కోస్తాలో ఎంతమందిని చూడలేదు!

అదే ప్రాంతంలో, దొరల కాలంలో, ‘నీ బాంచెన్, కాల్మొక్త’ అన్నది రోజువారీ పలకరింపు. బాంచెన్ అంటే బానిసను. ఆ మాట నోట్లోంచి పోవడానికి 1940లలో రైతాంగం ఆయుధం పట్టాల్సి వచ్చింది. పాత పలకరింపులన్నీ మళ్ళీ రావాలని ఎవరైనా సభల్లో అన్నప్పుడు నాకు ఈ మాట జ్ఞాపకం వస్తుంది. ఏవి రావాలో ఎంచుకోవాలి మరి.

అక్కడిదే ఇంకో మాట, ‘శనార్తి’. శరణార్థి అన్న మాట నుంచి వచ్చిందంటారు. ఊళ్ళలో పెద్దవాళ్ళు "శనార్తి పటేలా" అనుకోవడం నేను విన్నాను. ఇక పోయిందనుకున్న దశలో, టీవీల్లో తెలంగాణ యాసలో వార్తలు చదివే కార్యక్రమాలు "అందరికీ శనార్తులు" అని మొదలుపెట్టాయి. ఇప్పుడు ఇంజినీరింగు పిల్లలు కూడా సరదాగా అంటున్నారు. ఎవరో ఒక దొరకు వంగి చెప్పిన మాట, అందరికీ కలిపి చెప్పే మాట అయింది. పాత మాట బాగుపడటం అంటే ఇదే కాబోలు.

ఈ రెండు వారాల్లో నేను విన్నవి కూడా చెప్పాలి. పాల ప్యాకెట్లు తెచ్చే కుర్రాడు క్రైస్తవుడు. పక్కింటి టీచరమ్మగారిని చూడగానే "వందనాలమ్మా" అంటాడు, ఆవిడ తిరిగి "వందనాలు బాబూ" అంటుంది. మన తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో ఇది రోజూ వాడే మాట. చర్చిలో దాచిపెట్టుకున్నది కాదు. మా వీధి మొదట్లో ఆటో నడిపే అతను మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజులూ అతను ఎవరితో మాట్లాడినా "స్వామీ", "స్వామి శరణం". ఆటో యజమాని కూడా అతన్ని "స్వామీ" అనాల్సిందే. రేపు మాల తీశాక మళ్ళీ "ఒరేయ్" అంటాడేమో, అది వేరే సంగతి. మందుల షాపు ముస్లిం పెద్దాయన "ఆదాబ్" అంటూ నుదుటి దాకా చెయ్యి ఎత్తుతారు. మా ఎదురింటి ముసలమ్మ, ఎవరైనా బయటికి వెళ్తూంటే ‘ఎక్కడికి’ అని అడగదు, శకునం. "దూరమా నాయనా?" అంటుంది. బయల్దేరేవాడు ‘వెళ్తాను’ అనడు, ‘వెళ్ళొస్తాను’ అంటాడు. ‘పోయొస్త’ అన్నా అదే. తుమ్మితే ‘చిరంజీవ’. పసిపిల్లకు మాటలు రాకముందే రెండు చేతులూ దగ్గర చేర్చి ‘జేజ పెట్టు’ అని నేర్పుతున్నాం. టాటా చెప్పడం దాని తర్వాతే. ఇవన్నీ మనం పలకరింపులని గుర్తించం కాబట్టే బతికి ఉన్నాయనుకుంటాను.

పాత సంబోధనలన్నీ తరలిపోయి ఒకచోట కాపురం పెట్టాయి. పెళ్ళిపత్రికలో. నెలకో సినిమా, వారానికో హోటలు అని తిరిగే కుర్రాడు కూడా తన శుభలేఖలో ‘చి.’ అవుతాడు. అమెరికాలో ఉద్యోగం చేసే అమ్మాయి ‘చి.ల.సౌ.’ అవుతుంది. ‘బంధుమిత్ర సపరివార సమేతంగా విచ్చేసి, మదర్పిత చందన తాంబూలాదులు స్వీకరించి’ అని వాట్సప్‌లో బాజాలతో సహా వస్తుంది. ‘మదర్పిత’ అంటే ఏమిటని మా మనవరాలు అడిగింది. ‘మదర్’ అని ఇంగ్లీషు మాట వినబడి, పెళ్ళికూతురి తల్లి ఇచ్చేదా అంది. ‘నాచేత అర్పింపబడిన’ అని చెబితే, "అలాగే రాయొచ్చుగా తాతయ్యా" అంది. రాయొచ్చు. ఎవరూ రాయరు. పెళ్ళంటే కాస్త అర్థంకాని మాటలుండాలి కాబోలు. మన కాలంలో పెళ్ళికి వెళ్ళలేకపోతే గ్రీటింగ్స్ టెలిగ్రాం ఇచ్చేవాళ్ళం, గుర్తుందా? మాటలు రాయక్కర్లేదు, నంబరు వేస్తే చాలు. 8 అంటే దీర్ఘకాలం సుఖంగా కాపురం చేయాలని. తొందరలో పెళ్ళికి వేయాల్సిన నంబరు బదులు బిడ్డ పుట్టినప్పుడు వేసే నంబరు వేశారన్న కథ ప్రతి ఆఫీసులోనూ చెప్పుకునేవారు. 2013 జులై 14 రాత్రితో టెలిగ్రాం సర్వీసే ఆగిపోయింది.

కొన్ని పాతవాటిలా కనిపిస్తాయి కాని పాతవి కావు. ‘శుభోదయం’ అన్నది మా తాతలు ఎన్నడూ ఎరగరు. అది గుడ్‌మార్నింగ్‌కు కట్టిన పంచె. మాట మాటకూ ‘ధన్యవాదాలు’ అనడమూ అంతే. మా అమ్మమ్మ, మంచినీళ్ళిస్తే "నీ కడుపు చల్లగా" అనేది. నమస్కారానికి మాత్రం ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వక్కర్లేదు. 2020 మార్చిలో కరోనా వచ్చి చేతులు కలపడం ప్రమాదమయినప్పుడు, అప్పటికి యువరాజుగా ఉన్న బ్రిటన్ చార్లెస్ ఒక సభలో చెయ్యి చాచబోయి, వెనక్కి తీసుకుని రెండు చేతులూ జోడించడం ప్రపంచమంతా చూసింది. తెల్లదొరల చేత షేక్‌హ్యాండ్ నేర్చుకున్న మనం ఆ బొమ్మ చూసి కాస్త మురిసిపోయాం, తప్పులేదు.

మరి పోయినదేమిటి? నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే, తక్కినదంతా కబుర్లు. ‘ఉభయకుశలోపరి’ పోయింది. ఆ మాట కాదు, ఆ పని. ఆ కార్డులో ‘అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను’ అని ఉంటే, అవునో కాదో జవాబు రాయాలి. రాయకపోతే ఇంకో కార్డు వస్తుంది. దానికీ రాయకపోతే మనిషి బస్సెక్కి వచ్చేస్తాడు. మా అత్త మూడు నెలలు మౌనంగా ఉంటే మా అమ్మ వెళ్ళలేదా?

మన సంఘం వాట్సప్ గ్రూపులో ఒక మిత్రులు రోజూ తెల్లారి అయిదుకల్లా గులాబీలతో శుభోదయం పంపేవారు. వారి అనుమతితోనే చెబుతున్నాను, రెండో వరసలో కూర్చుని ఉన్నారు. గత ఆషాఢంలో ఆరు రోజులు ఆ గులాబీలు రాలేదు. మిగతా నలభైమంది గులాబీలూ, సూర్యోదయాలూ వస్తూనే ఉన్నాయి కాబట్టి మనకు తెలియలేదు. ఏడో రోజు వారి శ్రీమతి మెడికల్ రీయింబర్స్‌మెంటు కాగితాల కోసం కార్యదర్శికి ఫోను చేస్తే, ఆయన ఆరు రోజులుగా ఆసుపత్రిలో ఉన్నారని తెలిసింది. నేనూ ఆ ఆరు రోజులూ గ్రూపులో దీపం బొమ్మలు పెట్టినవాణ్ణే. మనం రోజూ ఒకరికొకరం నమస్కారం చెప్పుకుంటున్నాం, ఎవ్వరినీ ఎలా ఉన్నారని అడగడం లేదు.

ఇంకొకటి. నాలుగేళ్ళ క్రితం మన వార్షికోత్సవానికి ఆహ్వానాలు అచ్చువేయించినప్పుడు నేను కమిటీలో ఉన్నాను. అందరి కవర్ల మీదా ‘దంపతులకు’ అని ఒకే ముద్ర కొట్టాం, పని తేలిక అని. ఒక కుటుంబ పింఛనుదారు కార్డు పట్టుకుని ఆఫీసుకు వచ్చారు. "అన్నయ్యగారూ, ఇందులో దంపతులకని ఉంది. నేనొక్కదాన్నే కదా, ఇది పొరపాటున నాకు వచ్చిందేమో, రావొచ్చో రాకూడదో అడుగుదామని" అన్నారు. వ్యంగ్యంగా కాదు, నిజంగానే అడిగారు. నాకు 1962 నాటి కార్డు కళ్ళముందు కనబడింది. ఆ రోజే కూర్చుని కవర్లన్నీ మార్చాం. ఇప్పుడు మన జాబితాలో ఎవరికైనా పేరు, పక్కన ‘గారికి’, అంతే. తెలుగులో ‘గారు’ ఒక చక్కని మాట. ఆడ మగ చూడదు, పెళ్ళయిందా, భర్త ఉన్నాడా అని అడగదు. పూర్వం దాన్ని అందరికీ వాడలేదు, ఆ పాపం మాటది కాదు, మనది. ఊళ్ళో మా పాలేరు మా నాన్న కంటే పెద్ద, అతన్ని నేను పేరుపెట్టి పిలిచేవాణ్ణి.

కాబట్టి చిన్న మనవి. కార్యదర్శిగారి దగ్గర ఎనభై దాటి ఒంటరిగా ఉంటున్న సభ్యుల పేర్లు పదిహేడు ఉన్నాయి. నేను కిందటి వారం వారిని అడిగి తెచ్చాను. అక్కడ గుమ్మం పక్క బల్ల మీద ఆ కాగితం పెట్టాం. ఒక్కొక్క పేరు పక్కన రెండు ఖాళీలు ఉన్నాయి. ఆ ఖాళీల్లో పేరు రాసినవారు వారానికి రెండుసార్లు ఆ మనిషికి ఫోను చేసి, బాగున్నారా అని అడిగి, జవాబు పూర్తిగా వినాలి. వినడమే కష్టం, ముందే చెబుతున్నాను. జాబితాలో మూడో పేరుగారికి చెవుడు, గట్టిగా మాట్లాడాలి. తొమ్మిదో పేరుగారు 1974లో తన ప్రమోషన్ ఎలా తప్పిపోయిందో మొదటినుంచీ చెబుతారు, నేను రెండుసార్లు విన్నాను. పదకొండో పేరు పక్కన ఒక ఖాళీలో నాది రాశాను. ఆవిడ తీసుకోగానే "ఎవరూ?" అని కసురుతారు, భయపడి పెట్టేయకండి, రెండో నిమిషానికి మెత్తబడతారు.

అధ్యక్షులవారు వాచీ చూసుకుంటున్నారు, వంటశాల వైపు నుంచి పులిహోర వాసన కూడా వస్తోంది. కాగితం దగ్గర కలం కట్టి ఉంది, దయచేసి దాన్ని జేబులో వేసుకోకండి. వెళ్ళొస్తాను.